త్రీఫేజు వీరులు ఒక్క పాట ముగించిన వృత్తాంతము

స్వస్తి శ్రీ. పెన్న యెండి ఇసుకయై, ఇసుక లారీలకెక్కి పట్టణములకు తరలిపోవుచుండగా, చిత్రావతి తాను ఏరునని మరచియుండగా, స్వభాను నామ సంవత్సర వైశాఖమున, ఎన్నికలు ఇంకను ఏడాది దూరములో ఉన్నను వాటి వాసన సోకి గోడలన్నియు రంగులు మారుచున్న పుణ్యకాలమున, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల అను త్రిపురముల నడుమ, మనిషికొక వర్గము, వర్గమునకొక టీ అంగడి, టీ అంగడికొక కాపలా, కాపలావాని నడుములో ఏదో ఒకటి గల ఆ వీరభూమిలో, ముగ్గురు యువకులు ఒక పాటను మొదలుపెట్టి చివరిదాకా పాడిరి. ఇదియే కథ. ఇంత చిన్న సంగతికి ఇంత పెద్ద గొంతెందుకని అడుగువారు, ఆ సీమలో ఏ పనినైనను మొదలుపెట్టి చివరిదాకా చేసి చూచి, పిమ్మట నన్ను అడుగవచ్చును.

కావ్యారంభమున ఏ దేవతను తలచుదునా అని చాలసేపు యోచించితిని. వినాయకుని తలచితినా, ఎగువ వీథి వినాయకుడా, దిగువ వీథి వినాయకుడా అని నిలదీయువారున్నారు. సరస్వతిని తలచితినా, ఆమె ఫొటో ఎవరి బడిలో ఉన్నదని విచారింతురు. కనుక ఊరి ట్రాన్స్‌ఫార్మరును తలచుచున్నాను. అది ఇరువర్గముల వారికిని సమానముగా కాలిపోవును.

ఇక నాయకులు. ప్రథముడు దేవపాలు, షట్తంత్రీధురంధరుడు, విద్యుద్వీణావిశారదుడు, జమ్మలమడుగులో బడిపంతులైన దాసయ్యకును, ప్రార్థన కూటములలో తొలి కీర్తన ఎత్తుకొను సంతోషమ్మకును ఏకైకపుత్రుడు. చర్చిలో కీర్తనలకు గిటారు వాయించుచు పెరిగిన ఈ సాధుశీలుడు బెంగళూరికి చదువుకు పోయి, చదువు తప్ప తక్కినవన్నియు నేర్చి, కాలితో తొక్కినంతనే గిటారు నాదము మిరపకాయల మిల్లు ఘోషగా మారునట్టి చిన్న యినుప పెట్టె నొకదానిని చంకన పెట్టుకొని తిరిగి వచ్చెను. దీనిని రాక్ సంగీతమందురని అతడు చెప్పగా వీథివారు నమ్మిరి. వారికి వేరే దారి లేకుండెను.

ద్వితీయుడు ఖాజా, చర్మవాద్యకంఠీరవుడు, ప్రొద్దుటూరివాడు. మూడు తరములుగా ఊరి పెండ్లిండ్లకు బ్యాండుమేళము పట్టిన వంశమున పుట్టి, పెండ్లికొడుకు నడకకు తగినట్లు కొట్టుట నామోషీయని తలచి, తన దెబ్బకే లోకము నడవవలెనని పట్టుబట్టిన అభిమానవంతుడు. అతని తల్లి షాహీదాబీకి ఈ అభిమానముపై గొప్ప అభిప్రాయము లేదు. "మీ దాదా కొడితే గుర్రం గుడక ఎగురుతాండె. నువ్వు కొడితే కుక్కలు పారిపోతాండాయి. దీనికి యాడ పేరొస్తాది బేటా" అని ఆమె దినమును వాపోవుచుండెను. వాపోవుచునే మేళపు సామాను దాచు రేకుల కొట్టమును, ఊరేగింపుల జనరేటరును వారికి వదలిపెట్టెను. తల్లులు తిట్టుచునే ఇత్తురు.

తృతీయుడు ఆదినారాయణ, మంద్రస్వరమహీధరుడు, పులివెందుల దగ్గరి వేముల రైతుబిడ్డ. చేతిలో నాలుగు తీగల గిటారు, నోట దినమునకు నాలుగు మాటలు. చీనీ తోటను, అనగా బత్తాయి తోటను, బ్రతికించుకొనుటకు అతని తండ్రి ఏడు బోర్లు వేయించెను. ఏడవది ఆరునూరడుగులు దిగి, దుమ్ము చిమ్మి, ఊరకుండెను. తోట యెండెను. ఆ దినమున ఆదినారాయణ మిత్రుల యొద్దకు వచ్చి పలికిన నాలుగు మాటలు ఇవి: "ఆర్నూరడుగులు. ఆడ గుడక ఎండే."

దేవపాలు దానిని పాట చేసెను.

నూరడుగులు దించినాం, దుమ్మొచ్చె నాయనా
మున్నూరు దించినాం, రాయొచ్చె నాయనా
నాన్నూరు దించినాం, పొగ వచ్చె నాయనా
ఆర్నూరడుగులు, ఆడ గుడక ఎండే

ఆ పాట లేకపోయినచో ఈ ముగ్గురిని గూర్చి నేను నోరు విప్పియుండను. అది మంచి పాట. వాయిద్యములతో కలిపి దాని నిడివి నాలుగు నిమిషముల పన్నెండు సెకండ్లు. బోరు మోటారు కరెంటువలె ముగ్గురును కలిసిననే పని జరుగును గనుక, ఎప్పుడు వచ్చునో ఎప్పుడు పోవునో ఎవరికిని తెలియదు గనుక, బృందమునకు త్రీఫేజు అని పేరు పెట్టుకొనిరి. పేరులోనే దోషమున్నదని షాహీదాబీ అప్పుడే చెప్పెను.

ఆమె నోరు మంచిది కాదో, మా వీరుల జాతకము మంచిది కాదో గాని, పరాజయములు వరుసగా వచ్చెను. ప్రథమ సంగ్రామము ప్రొద్దుటూరిలో, ఒక వీథి చవితి పందిట. నిమిషము పది సెకండ్లకు కరెంటు పోయెను. నాటినుండి జనరేటరు వెంట బయలుదేరెను. ద్వితీయ సంగ్రామము పులివెందుల పెండ్లిలో. పాట సరిగా రెండు నిమిషములు నడిచి, శ్రోతలలో ఇద్దరు తల ఊపుచున్నంతలో, నాయకులొకరి వాహనశ్రేణి దుమ్ము రేపుచు వచ్చెను. భోజనపు విస్తళ్ల ముందు కూర్చున్నవారు గూడ లేచి పరుగెత్తిరి. ఎవరో మైకు లాగుకొని స్వాగతము పలికిరి. అంతటితో ఆగినను బాగుండును. మూడు తరముల రక్తము ఉబికి, ఖాజా తనకు తెలియకుండనే వరుని ఊరేగింపు దెబ్బ ఎత్తుకొనెను. నాయకులు దానికి చేయి ఊపిరి. ఖాజా ఆ రాత్రి అన్నము ముట్టలేదు.

తృతీయ సంగ్రామము జమ్మలమడుగు చర్చిలో యువజన దినమున. ఇచ్చట కరెంటు పోలేదు, నాయకులు రాలేదు. మూడు నిమిషములు గడచెను. దేవపాలు కనులు మూసికొని విజయమును సమీపించుచుండగా, ముందువరుసలోని ముసలి పాస్టరుగారు, ఏదో ఆత్మ బాధతో అరచుచున్నదని తలచి, లేచి నిలిచి, రెండు చేతులెత్తి, "ఆమేన్" అనిరి. సంఘమంతయు ఆమేన్ అనెను. ఆమేన్ అనిన పిమ్మట పాడు అధికారము దేవదూతలకు గూడ లేదు.

ఆ సాయంకాలము దాసయ్య పంతులు కొడుకును ముందర కూర్చుండబెట్టుకొనెను. ఆయన నలుబది యేండ్లుగా రెండవ తరగతికి ఎక్కములు చెప్పిన నియమనిష్ఠాగరిష్ఠుడు. కుడిచేతికి గడియారము, ఎడమచేతికి సుద్దముక్క తప్ప వేరే ఆభరణమెరుగనివాడు. ఆయన గంభీరనాదమున ఇట్లు శాసించెను:

"రెండేండ్లాయెరా దేవపాలూ. ఒగ పాట. ఒగటంటే ఒగటి. మొదలుపెట్టేది చూస్తాండాం గానీ ముగిసేది చూడల్యా. మా రెండో తరగతి పిల్లోడు గుడక పద్యం ఎత్తుకుంటే తుదముట్టా చెప్తాడు. తప్పులుంటాయి, అది వేరే. ముగిస్తాడు గదా."

"వాని తప్పేముందండీ" అని సంతోషమ్మ అడ్డము వచ్చెను. "మొదలుపెట్టేదే మన చేతిలో ఉంటాది. ముగించేది దేవుని చేతిలో ఉంటాది."

"దేవుడు ఆయన పని ఆరుదినాల్లో ముగించినాడు" అనెను దాసయ్య. పిమ్మట కొడుకు వంక తిరిగి, "నెలాకరు లోపల జనం ముందర ఈ పాట తుదిదాకా పాడు. పాడితే నేను మల్ల అడగను, నీ ఇష్టమొచ్చినట్ల బతుకు. ల్యాకపోతే గిటారు బీరువా మీద పెట్టి బీఈడీలో చేరు. దరఖాస్తు తెచ్చిపెట్టినా."

"సరే నాయనా" అనెను దేవపాలు. ఇతర కావ్యములలో వీరులు ఇట్టి సమయమున భూమ్యాకాశములు దద్దరిల్ల ప్రతిజ్ఞ చేయుదురు. మావాడు దరఖాస్తు చూచి భయపడెను. నెలాఖరుకు తొమ్మిది దినములుండెను.

ఆ తొమ్మిది దినములలో దైవము పోలీసు రూపమున వచ్చెను. జమ్మలమడుగుకు ఆమడ దూరమున ఎర్రదిన్నె అను ఊరు కలదు. అందు వీథులు రెండు. ఎగువ వీథికి చెన్నకేశవులు, దిగువ వీథికి ఓబులేసు నాయకులు. ఇరువురును ఒకే పెండ్లిపందిట అన్నము తిని పదకొండేండ్లయినది. ఎన్నికల లోపల అచ్చట ఒక శాంతిసభ జరిపింపవలెనని పైనుండి ఆజ్ఞ రాగా, సబ్‌ఇన్‌స్పెక్టరు హబీబుల్లా తల పట్టుకొనెను. సభయనగా జనము రావలెను. జనము రావలెననిన పాటో ఆటో ఉండవలెను. చెక్కభజన బృందము ఒక పార్టీది. నాటకము వారు రెండవ పార్టీవారు. హరికథ చెప్పునాయన రెండింటను ఉండి వచ్చెను, కనుక ఇరువురికిని శత్రువు. ఈ చిక్కులో ఉన్న ఆయనకు ఎవరో త్రీఫేజు మాట చెప్పగా, ముగ్గురిని ఠాణాకు పిలిపించెను.

"మీరు ఎవురోళ్లు?"

"ఎవురోళ్లమూ కాదు సార్" అనెను దేవపాలు.

"మీ పాట ఎవురన్నా విన్నారా?"

"ముగిసేదాక ఎవురూ వినల్యా సార్."

"మిమ్మల్ని గుర్తుపట్టేవాళ్లు ఎవురన్నా ఉండారా, ఈ చుట్టుపక్కల?"

"ల్యా సార్" అని ముగ్గురును తలలు వంచుకొనిరి.

హబీబుల్లా కుర్చీలోనుండి లేచి వారి చేతులు పట్టుకొనెను. "మిమ్మల్నే నేను ఎదుకుతాండేది" అనెను. రెండేండ్లు శ్రమించి సంపాదించిన అనామకత్వము మా వీరులకు ఆ దినమున ఇట్లు అక్కరకు వచ్చెను.

నెలాఖరు శనివారము. సభ సాయంకాలము నాలుగు గంటలకు. పొద్దుగూకిన పిమ్మట ఎర్రదిన్నెలో ఎవరును ఎవరి ముందరను కూర్చుండరు. ఉదయము పదింటికి డ్రమ్ములతో, గిటార్లతో, షాహీదాబీ జనరేటరుతో కూడిన ఆటో ఊరిలో దిగెను. దేవపాలును ఆదినారాయణయును సామాను దించుచుండగా, ఖాజా ఒక్క నిమిషము అటు నడిచెను. ఆ ఒక్క నిమిషమున మహాప్రళయమునకు నారు పోయబడెను.

ఎందుకనగా ఖాజా దిగువ వీథిలోని బిస్మిల్లా బీ అంగడిలో కూర్చుండి ఒక ప్లేటు బొరుగుల ఉగ్గాని, మూడు మిరపకాయ బజ్జీలు తిని, రెండు టీలు త్రాగెను. వేరొక దేశమున దీనిని టిఫిను అందురు. ఎర్రదిన్నెలో దీనిని పార్టీలో చేరుట అందురు. అతడు మూతి తుడుచుకొనునంతలో వార్త ఎగువ వీథికి చేరెను. పదిమంది అనుచరులు వెంటరాగా, మండువేసవి సూర్యునివలె ఎర్రబడిన కన్నులతో చెన్నకేశవులు వేదికాస్థలికి విచ్చేసి, అచ్చటనున్న హబీబుల్లాతో ఇట్లు గర్జించెను:

"ఏంది సారూ, ఎవురోళ్లూ కాదంటివే. ఊర్లో కాలు పెట్టీ పెట్టకముందే ఆ వీథి బజ్జీ తిన్న్యాడు. ఒగటి కాదు, మూడు. వాళ్ల ఉప్పు తిన్నోడు మా ముందర నిలబడి పాడేదేంది? మాకొద్దు ఈ సభ. మేం రాము."

"ఆకలైంది మామా" అనెను ఖాజా. "అంగడి కనపడింది, పోయినా."

"కనపడిందా? పదకొండేండ్లాయె, మాకు యాపొద్దూ కనపడల్యా ఆ అంగడి."

ఇది అబద్ధము కాదు. ఆయన ఆ అంగడి ముందునుండి దినమునకు రెండుసార్లు పోవును, తల తిప్పడు. దేవపాలుకు బీఈడీ దరఖాస్తు, అందులో తండ్రి అప్పటికే నింపియుంచిన పుట్టినతేది కనులకు కట్టెను.

హబీబుల్లా తన యిరువది యేండ్ల అనుభవమునంతయు కూడగట్టుకొని రాజీ కుదిర్చెను. ఆ సీమలో రాజీయనగా ఒక్కటే సూత్రము: అటు ఎంతో ఇటును అంతే. ఎగువ వీథిలోని నారాయణ హోటలులో ఖాజా మరల ఒక ప్లేటు ఉగ్గాని, మూడు బజ్జీలు, రెండు టీలు పుచ్చుకొనవలెను. నారాయణ హోటలులో బజ్జీలు అయిపోయియుండెను. పొయ్యి రాజేసి మరల వేయించిరి. అంతలో ఓబులేసు వచ్చి, "వాళ్ల బజ్జీలు లావుగా ఉండాయి సార్, ఇది న్యాయం కాదు" అని అభ్యంతరము చెప్పెను. కానిస్టేబులు ప్రకాశము రెండు బజ్జీలను పక్కపక్కన పెట్టి చూచి, నిజమేనని తేల్చగా, ఖాజా మూడవ బజ్జీ కొన కొరకకుండ వదలిపెట్టెను. ఆ దినమున ఖాజా పొట్టయే సంధిపత్రము. అతడు లేచి నిలుచుటకు ఇద్దరు సాయము పట్టిరి.

ఇంతటితో తీరలేదు. షామియానా కట్టబోగా, ఏ రంగు గుడ్డ కట్టినను అది ఎవరిదో ఒకరి జెండాయని తేలినందున, వేదికకు కప్పు లేకుండెను. కుర్చీలు అటు నూట నలుబది, ఇటు నూట నలుబది. ఇక పాటలో మాటలు లేని గిటారు ఘట్టమొకటి కలదు, అది నలుబది సెకండ్లు. "ఆ పొద్దు ఆయప్ప యాపక్క తిరిగి వాయిస్తాడు?" అని చెన్నకేశవులు అడిగెను. సూటియైన ప్రశ్నయే. సగము సేపు ఎగువకు, సగము సేపు దిగువకు తిరుగవలెననియు, ఇరువది సెకండ్లకు ప్రకాశము విజిలు వేయవలెననియు తీర్మానించిరి. బెంగళూరులో దేవపాలుకు సంగీతము నేర్పినవారు ఈ విజిలు విని ఏమందురో నాకు తెలియదు. వారికి ఎర్రదిన్నె సంగతియు తెలియదు.

మూడున్నరకు జనము వచ్చి కూర్చుండిరి. కూర్చుండిరని వ్రాసితిని గాని సగము మంది నిలుచుండియే ఉండిరి, అలవాటు. వాయిద్యములు సరిచూచుకొనుటకై ఖాజా పెద్ద డ్రమ్మును ఒక్కసారి తొక్కెను.

మరుక్షణమున నిలుచున్న మనిషి లేడు. ముసలివారు, బాలింతలు, చంటిబిడ్డలతో సహా ఊరంతయు నేలను కరచుకొని పడియుండెను. ఎవరును అరవలేదు, ఎవరును తడబడలేదు. పిల్లలు చెవులు మూసికొని నోళ్లు తెరచియుండిరి. బాంబు పడినపుడు నోరు తెరువవలెనని వారికి ఎవరో నేర్పియుండిరి. పదకొండేండ్లలో ఆ రెండు వీథులును ఒకే తీరున నేర్చిన విద్య అదొక్కటే. నేను నవ్వించుటకు పీట వేసికొని కూర్చున్న కవిని. ఇచ్చట నాకు నవ్వు రాలేదు.

ఓబులేసు మొదట లేచి, మోకాళ్ల దుమ్ము దులుపుకొని, "ఏమప్పా, చెప్పి కొట్టగూడదా" అనెను. ఆయన గొంతులో కోపము లేదు, సిగ్గు ఉండెను. కనుక మరొక నియమము పుట్టెను: గట్టి దెబ్బ వచ్చు ప్రతిసారియు ఖాజా కర్రను పైకెత్తి, ఎగువకు చూపి, దిగువకు చూపి, పిమ్మట కొట్టవలెను. అట్లయిన లయ చెడునని ఖాజా గొణిగెను. "చెడనీ" అనెను ఆదినారాయణ. ఆ దినమున అతని తొలి మాట అది.

అప్పుడే జమ్మలమడుగు బస్సు వచ్చి నిలిచెను. దానినుండి గొడుగుతో దాసయ్య పంతులు దిగెను. ఎగువ కుర్చీలలోనికి పోలేదు, దిగువ కుర్చీలలోనికి పోలేదు. రోడ్డు అంచున ఎండలో నిలిచి, కుడిచేతి గడియారమును ఒకసారి చూచుకొనెను. దేవపాలు అది చూచెను.

నాలుగు గంటలకు, సూర్యుడు పడమట మండుచుండగా, జనరేటరు బుసకొట్టుచుండగా, ఖాజా కడుపు ఇరువర్గముల ఉగ్గానితో బరువెక్కియుండగా, త్రీఫేజు వీరులు పాట ఎత్తుకొనిరి.

మొదటి నిమిషము గడచెను. కరెంటు పోలేదు, అది జనరేటరుది గనుక. రెండవ నిమిషము గడచెను. రోడ్డుపై ఏ నాయకుని వాహనములును రాలేదు; మేకల మంద మాత్రము వచ్చి, కొంచెము విని, పోయెను. ఖాజా కర్ర ఎత్తుచు, చూపుచు, కొట్టుచు, రక్తపోటు వచ్చినవానివలె చెమటలు కార్చుచుండెను. ప్రతి దెబ్బకు ముందు రెండు వీథుల వారును ఊపిరి బిగబట్టి, దెబ్బ పడగానే విడుచుచుండిరి. అట్లు కొంతసేపటికి రెండువందల ఎనుబది మంది ఒకే తాళమునకు ఊపిరి తీయుచుండిరి. వారికది తెలియదు. గిటారు ఘట్టము వచ్చెను. దేవపాలు ఇరువది సెకండ్లు ఎగువకు తిరిగి మిల్లు ఆడించెను. ప్రకాశము విజిలు వేసెను. ఇరువది సెకండ్లు దిగువకు తిరిగి ఆడించెను. ఎగువకు ఎంత తల ఊపెనో దిగువకును అంతే ఊపెనని లెక్కపెట్టినవారు తృప్తిపడిరి.

మూడవ నిమిషము దాటినంతనే అసలైన విపత్తు వచ్చెను. దూరమున పొలములలో మోటారు కొట్టము మీది బల్బు వెలిగెను. చేను తడుపుటకు దినమునకు ఏడు గంటలే వచ్చునట్టి మూడు ఫేజుల కరెంటు, వేళగాని వేళ వచ్చెను. "కరెంటొచ్చినాది" అను గుసగుస ఎగువను పుట్టి దిగువకు ప్రాకెను. ఆ సీమలో ఈ మాట వినిన రైతు పెండ్లిలో తాళి కట్టుచున్నను లేచి పోవును. చెన్నకేశవులు తొడలు కుర్చీనుండి బెత్తెడు లేచెను. లేచి, ఓబులేసు వంక చూచెను. ఓబులేసు బెత్తెడు లేచియుండి చెన్నకేశవులు వంక చూచుచుండెను. ముందు లేచినవాడు సభను విడిచి పారిపోయినవాడగును. నలుగురిలో ఆ మాట పడవలసిన వాడెవడు? ఇరువురును మరల కూర్చుండిరి. వారి వెనుక రెండు వీథులును కూర్చుండెను. దూరమున నీళ్లు ఎవరి కాలువకును పారక, మోటార్లు పిలుచుచుండెను.

అట్లు పౌరుషముచేత బంధింపబడిన ఆ శ్రోతల ముందు పాట ఆఖరి చరణమునకు వచ్చెను. నూరడుగులు. మున్నూరు. నాన్నూరు. గిటారు ఆగెను, డ్రమ్ములు ఆగెను. ఎన్నడును పాడని ఆదినారాయణ మైకు దగ్గరికి వంగి, మాటవలెనే, ఆ చివరి పాదము పలికెను.

"ఆర్నూరడుగులు, ఆడ గుడక ఎండే."

ఓబులేసుకు ఎండిన బోర్లు మూడు. చెన్నకేశవులుకు ఐదు. ఒకరివి ఎన్ని యెండెనో మరియొకరికి తెలియదని ఊరు అనుకొనును. అంగుళములతో సహా తెలియును. ఇరువురును నేల చూపులు చూచుచుండిరి. ముందువరుసలో మీసాల ముసలి యొకడు తువ్వాలుతో ముఖము గట్టిగా తుడుచుకొనెను. పాట ముగిసెను.

ఎవరును చప్పట్లు కొట్టలేదు.

వేదికపై ముగ్గురును నిలిచియుండిరి. పది సెకండ్లు. ఇరువది. పరాజయములలో గూడ ఇంత నిశ్శబ్దము వారు ఎరుగరు. దేవపాలు తీగలపై అరచేయి మోపి, రోడ్డు వంక చూచుటకు ధైర్యము లేక, తన చెప్పులు చూచుకొనుచుండెను. పాట బాగులేదేమోనని అతడు అనుకొనెను. పాపము, రాజకీయము తెలియని బిడ్డ. అచ్చట ప్రతి అరచేయియు దురద పెట్టుచుండెను. కాని ముందు ఎవరు కొట్టవలెను?

హబీబుల్లా ఇరువురు నాయకుల కుర్చీల నడుమకు వచ్చి గొంతుకూర్చుండెను. "ఏందన్నా, బాగ లేదా?"

"శానా బాగుండాది" అనెను చెన్నకేశవులు పండ్లు బిగించి. "బాగుండాదని నేనెందుకు ముందు చెప్పల్ల?"

"మేం మొదలుపెడితే వాళ్లకు తల వంచినట్లయితాది సార్" అనెను ఓబులేసు. "ల్యాకపోతే ఎప్పుడో కొట్టిందుం."

ఆ ఎండలో, ఆ నిశ్శబ్దములో, ఆ దినపు చివరి సంధి జరిగెను. చెన్నకేశవులు తొమ్మిది అనెను. ఓబులేసు అయిదు అనెను. ఏడు చప్పట్లకు ఖాయమాయెను. అటు ఏడు, ఇటు ఏడు, విజిలు వేసినపుడు మొదలు, విజిలు వేసినపుడు ఆపు. ప్రకాశము విజిలు వేసెను. ఏడు చప్పట్లు, రెండువందల ఎనుబది జతల చేతులతో, బడిపిల్లల డ్రిల్లు వలె పడెను. విజిలు పడెను. చేతులన్నియు ఆగెను.

ఆ పిమ్మట ఎనిమిదవ చప్పట వినబడెను.

ఒక్కటే. పొడిగా, గట్టిగా. ఎవరో సంధి తప్పిరి. రెండు వైపులను చేతులు నడుములకు పోయెను. తల్లులు పిల్లల తలలు వంచిరి. హబీబుల్లా నిలువున లేచి, "ఎవురది" అని అరచెను.

"నేనే సార్" అనెను రోడ్డు అంచున నిలిచిన దాసయ్య పంతులు. గొడుగు చంకలో ఇరికించుకొని ఉండెను. రెండు చేతులును ఇంకను ముందుకు చాచియే ఉండెను. "మీ విజిలు సంగతి నాకు తెల్దు. మావోని పాట ముగిసింది గదా, అందుకు."

"ఎవురోడు ఈయప్ప?" అని ఓబులేసు అడిగెను.

"పాట పాడినోని నాయన" అనెను ఎగువ వీథి నుండి ఎవరో. పదకొండేండ్లలో దిగువ వీథి ప్రశ్నకు ఎగువ వీథి చెప్పిన మొదటి జవాబు అదియేనని పెద్దలు చెప్పుదురు. ఓబులేసు కొంచెము యోచించి, "అయితే పోనీలే" అనెను. చెన్నకేశవులు తల ఊపెను. చేతులు నడుముల నుండి దిగెను. ఆ వెంటనే, ఇద్దరిలో ఎవరు ముందు లేచిరో ఎవరికిని తెలియనట్లుగా రెండు వీథులును ఒక్కుమ్మడి లేచి, మోటార్ల వైపు పరుగెత్తెను.

కావున, కరెంటును, కాన్వాయిని, ఆమేనును, ఆరు బజ్జీలను గెలిచి, సూర్యుని క్రింద కప్పులేని వేదికపై, కర్రను ఎగువకు చూపి దిగువకు చూపి కొట్టిన దెబ్బలతో, నాలుగు నిమిషముల పన్నెండు సెకండ్ల మహాయుద్ధమును నడపి, సంధిచేత ఏడును, సంధి లేకుండ ఒకటియును చప్పట్లను జయించిన త్రీఫేజు వీరుల కీర్తిని, ఆ ఖాళీ కుర్చీలకును, ఆ మేకలకును, ఆ రోడ్డు అంచున బీఈడీ దరఖాస్తును నాలుగు మడతలు పెట్టి జేబులోనికి తోసికొనుచున్న ఆ ముసలి పంతులుకును, సమస్త దిక్కులకును చాటి చెప్పునదేమనగా: పాట ముగిసినది.